మంగళవారం సణుగుడు

ఇరవై నాలుగేళ్ళపాటు నేను ఒక మనిషికి పాటలు రాశాను. ఆయన కంట్రీ గాయకుడు, అందులోనూ హాస్యం పాడేవాడు. కెనడాలో ఎడ్మంటన్‌కి తూర్పున గంట దూరంలో ఆయనకి పొలం ఉంది. వారమంతా కనోలా అనే నూనెగింజల పంట, బార్లీ చూసుకుంటాడు. ఆదివారం మధ్యాహ్నాలు చుట్టుపక్కల ఊళ్ళ కమ్యూనిటీ హాళ్ళలో పాడతాడు. నేను పైపులైన్లకి పట్టే తుప్పు చూసే ఇంజినీర్ని. ఇప్పుడు రిటైరయ్యాను. మీ ఇద్దరికీ ఎలా కుదిరిందండీ అని మా తెలుగువాళ్ళు అడుగుతూనే ఉంటారు. కుదరడమంటూ ఏమీ జరగలేదు. మొదలైంది, ఆ తర్వాత ఆపడానికి ఇద్దరికీ తీరిక దొరకలేదు.

కంట్రీ పాట తెలియనివాళ్ళకి రెండు ముక్కలు చెప్పాలి. గిటారు, టోపీ, పాత ట్రక్కు, చచ్చిపోయిన కుక్క, వదిలేసి వెళ్ళిన భార్య. వీటిలో ఏ మూడు ఉన్నా పాట అవుతుంది. మా గాయకుడికి అయిదూ ఉన్నాయి. కాకపోతే ఆయన వాటిని ఏడుస్తూ పాడడు, కరెంటు బిల్లు పైకి చదివినట్టు పాడతాడు. జనం నవ్వుతారు. ఆయన మొహంలో ఒక్క గీత కూడా కదలదు. పాటలన్నీ ఇంగ్లీషులోనే. ఇక్కడ నేను చెప్పేది వాటి భావం మాత్రమే. ప్రాసలు దారిలో రాలిపోయాయి, అవి ఉంటే ఇంకొంచెం బాగుండేవి.

మొదటిసారి ఆయన దగ్గరికి నేను వెళ్ళింది పాట కోసం కాదు, గొయ్యి కోసం. మా కంపెనీ పైపు ఆయన పొలం కింద నుంచి పోతుంది. ఒకచోట తవ్వి చూడాల్సి వచ్చింది. తవ్వే ముందు రైతుని కలిసి, ఆయన అభ్యంతరాలు విని, కాగితం మీద రాసుకు రావడం నా పని. అది ఫిబ్రవరి. మైనస్ ముప్ఫై. ఆయన కంచె పక్కన జేబుల్లో చేతులు పెట్టుకొని నిలబడి ఉన్నాడు. మీకేమైనా అభ్యంతరాలున్నాయా అని అడిగాను. ఏమీ లేవన్నాడు. అక్కడితో నేను సంతకం పెట్టించుకొని వచ్చేయాలి.

కాని ఆ పొద్దున కంపెనీ ట్రక్కులో హీటరు పాడైంది. నా బూట్లు తడిసిపోతే ఇంకెవరివో రెండు సైజులు పెద్దవి తొడుక్కొని వచ్చాను. మా సూపర్‌వైజరు నా రిపోర్టు మీద తన పేరు వేసుకున్నాడని ముందురోజే తెలిసింది. మనిషి కనపడేసరికి మొదలుపెట్టాను. నలభై నిమిషాలు చెప్పాను. ఈ దేశపు చలి గురించి, ఈ దేశంలో చలి గురించి మాట్లాడే మనుషుల గురించి, చలిలో ఐస్‌క్రీం తినేవాళ్ళ గురించి. నేను అలిసిపోయి ఆపాక, "ఆ బూట్లు ఎవరివన్నావు?" అని మాత్రం అడిగాడు.

రెండు వారాల తర్వాత ఆఫీసులో ఒకతను, ఆ వైపు ఒక హాల్లో ఎవడో నీ బూట్ల మీద పాట పాడుతున్నాడు అని చెప్పాడు. తేల్చుకుందామని ఆదివారం నేనే బయల్దేరి వెళ్ళాను. హాలు నిండా రైతులు, వాళ్ళ భార్యలు, నా బూట్ల మీద పడి పడి నవ్వుతున్నారు. స్టేజి మీద ఆయన రేషన్ షాపు క్యూలో నిలుచున్న మొహంతో పాడుతున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. అయితే రెండో చరణంలో చలికి పైపు పగిలిపోయిందని పాడాడు. మా పైపు చలికి పగలదు. పగలకుండా చూడటానికే నేను ఉద్యోగం చేస్తున్నాను. పాట అయ్యాక స్టేజి వెనక్కి వెళ్ళి, నాకు అభ్యంతరం ఉందన్నాను. సరే, తీసేస్తానన్నాడు. తీసేయక్కర్లేదు, రెండో చరణం తప్పు, దాన్ని సరిచేయాలి అన్నాను. ఆయన వెళ్ళి ఇంకో కుర్చీ తెచ్చి వేశాడు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని మా అమ్మ అంటూండేది. నేను ఆ రోజు తొక్కాను.

ఆ తర్వాత మాకు ఒక పద్ధతి ఏర్పడింది. ప్రతి మంగళవారం పొద్దున ఆరింటికి నేను ఆయన వంటింట్లో ఉండేవాణ్ణి. ఏడున్నరకి బయల్దేరితే ఆఫీసు అందేది. ఆయన కాఫీ పెట్టి, గిటారు ఒళ్ళో బోర్లా పెట్టుకొని కూర్చునేవాడు. నేను ఆ వారం నాకు జరిగినవన్నీ ఏకరువు పెట్టేవాణ్ణి. మా ఆవిడ దీనికి మంగళవారం సణుగుడు అని పేరు పెట్టింది. నేను చెప్పేది పనికిరానిదైతే ఆయన కాఫీ పోస్తాడు. పనికొచ్చేదైతే గిటారు తిరగేస్తాడు. తిరగేశాక ఒకటే అడుగుతాడు, మళ్ళీ చెప్పమని. రెండోసారి చెప్పినప్పుడు నా నోట మారకుండా వచ్చిన మాటలే పాటలో ఉంటాయి, మారినవి ఉండవు. ఇంటికొచ్చి నేను వాటిని చరణాలుగా కట్టేవాణ్ణి. ఆయన సొంతంగా ఒక్క వాక్యం కూడా రాయలేదు. రాయడం తన పని కాదని, తనకి ఏమీ జరగదని అనేవాడు. భార్య వదిలేసి వెళ్ళడం జరగడం కాదా అంటే, అది ఆవిడకి జరిగింది, నేను ఇంట్లోనే ఉన్నానుగా అన్నాడు. ఆ మాటనే నేను పాటగా రాసి ఇచ్చాను. ఆ పాట ఉన్న సీడీ ఆవిడ కూడా కొనుక్కుందని తర్వాత తెలిసింది.

ఇలా నా బతుకులో కొంచెం బరువైనవన్నీ ఆయన గొంతులోకి వెళ్ళిపోయాయి. సిటిజన్‌షిప్ పరీక్షలో నాకు వచ్చిన ప్రశ్నకి పక్కవాడు జవాబు చెప్పడం. గుండెకి స్టెంట్ వేసినప్పుడు డాక్టరు గొట్టం గురించి మాట్లాడుతుంటే, దాని లోహం ఏమిటి, తుప్పు పట్టదా అని బల్ల మీద పడుకొనే నేను అడగడం. కంపెనీ నన్ను తీసేసిన రోజు అట్టపెట్టెతో తిన్నగా ఆయన ఇంటికే వెళ్ళాను. అది మంగళవారం కూడా కాదు. చెబుతూంటే మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. ఆయన గిటారు తిరగేసి, "మెల్లిగా చెప్పు. పెట్టెలో ఏమేం ఉన్నాయి?" అన్నాడు. ఒక్కొక్కటీ తీసి చూపించాను. అది మా పాటల్లో అందరికీ బాగా తెలిసిన పాట అయింది. ఆయిలు పనుల్లో ఉద్యోగాలు పోయినవాళ్ళు ఆ పాట అడిగి మరీ పాడించుకొనేవారు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకొనేవారు. ఉద్యోగం పోయిన ఆర్నెల్లూ నేను పిచ్చెక్కకుండా ఉన్నది ఆ హాళ్ళ వల్లే. ఈ మాట ఆయనకి నేనెప్పుడూ చెప్పలేదు.

ఒక్కసారి మాత్రం ఆయన గిటారు తియ్యలేదు. మా అమ్మ పోయింది. నేను ఇండియా వెళ్ళేసరికి అన్నీ అయిపోయాయి. తిరిగొచ్చిన మంగళవారం అలవాటు కొద్దీ వెళ్ళి, టొరంటోలో విమానం తప్పిపోవడం గురించి మొదలుపెట్టాను. విమానం తప్పిపోవడం మంచి సరుకే. ఆయన వింటూ లేచి, గుడ్లు వేయించి, టోస్టు చేసి, పళ్ళెం నా ముందు పెట్టాడు. నేను తిన్నాను. అప్పటినుంచి నాకొక ధైర్యం. ఏది పాటో ఏది కాదో ఈయనకి తెలుసులే అని. ఆ ధైర్యమే తర్వాత నా కొంప ముంచింది.

మా అమ్మాయి విమానంలో నాలుగు గంటల దూరాన, టొరంటో పక్కన ఒషావాలో ఉంటుంది. అక్కడ యూనివర్సిటీలో పనిచేస్తుంది. పోయిన ఏడాది చివర కవలలు పుట్టారు. సాయానికి వెళ్ళిన మా ఆవిడ నెల తర్వాత వచ్చి, మనం అక్కడికి మారిపోతున్నాం అంది. అడగలేదు, చెప్పింది. నాకు పేచీ పెట్టడానికి కారణం దొరకలేదు. మనవలంటే నాకూ ప్రాణమే. మార్చిలో ఇల్లు అమ్మకానికి పెట్టడం, మే నెలాఖరుకి కదలడం అని ఫోన్లోనే తల్లీకూతుళ్ళు తేల్చేశారు. వాళ్ళు తేల్చనిది ఒక్కటే మిగిలింది. మా గాయకుడికి చెప్పడం.

"ఇల్లు లిస్ట్ చేశాక ఎవరో చెబితే ఆయనకి తెలియడం బాగోదండీ," అంది మా ఆవిడ. "అన్నయ్యగారికి ముందు మీరే చెప్పాలి."

చెబుతానన్నాను. చెప్పడానికేం, రెండు ముక్కలు. కాని ఆ రెండు ముక్కలూ నోట్లో పెట్టుకొని వారం తిరిగాను. కక్కలేక మింగలేక అంటారే, అదీ స్థితి. ఆయనకి డెబ్బై దాటాయి. నేను వెళ్ళిపోతే ఇంకో రచయితని వెతుక్కొనే రకం కాదు. పాత పాటలే పాడుకుంటాడు, కొన్నాళ్ళకి అదీ మానేస్తాడు. ఇది ఆయన గురించి. నా గురించి చెప్పాలంటే, ఈ దేశంలో ముప్ఫై ఏళ్ళకి పైగా ఉన్నాను. నాకు జరిగింది జరిగినట్టు చెప్పుకొనే చోటు ఆ వంటిల్లు ఒక్కటే. మా ఆవిడకి కూడా నేను కొంత తగ్గించే చెబుతాను. ఒషావాలో ఎవరి వంటింట్లో కూర్చోవాలి? అమ్మాయితో ఈ మాట అంటే ఫోన్లో నవ్వేసింది. "నాన్నా, ఇట్స్ నాట్ ఎ బ్రేకప్. జస్ట్ టెల్ హిమ్," అంది. దాని తెలుగు చిన్నప్పుడు బాగానే ఉండేది.

మంగళవారం వెళ్ళాను. తిన్నగా చెప్పెయ్యాలనే వెళ్ళాను. కాని ఆ కుర్చీలో కూర్చోగానే నా నోటికి తిన్నగా మాట్లాడటం రాదు, సణగడమే వస్తుంది. కాబట్టి ముందు ఇల్లు అమ్మే ఏజెంట్ దగ్గర్నుంచి ఎత్తుకున్నాను. ఆవిడ వచ్చి గదులన్నీ తిరిగి, గోడల మీది ఫొటోలన్నీ తీసేయమంది, కొనేవాళ్ళకి వాళ్ళ ఫొటోలు ఊహించుకోవడానికి వీలుగా ఉండాలట. దేవుడి షెల్ఫ్‌ని బట్టల అల్మరాలో పెట్టమంది. వంటింట్లోకి వచ్చి ముక్కు ఎగబీల్చి, ఇంగువ వాసన పోవాలంటే గోడలకి రంగు వెయ్యాలంది. ఇల్లు చూడటానికి జనం వచ్చే రోజు ఓవెన్లో కుకీలు కాల్చమంది. ఇరవై ఏళ్ళుగా ఆ ఓవెన్లో మేము మూకుళ్ళు దాచుకుంటున్నాం.

ఆయన గిటారు తిరగేశాడు.

ఇది పాట కాదు, నిజం అన్నాను.

"అన్నీ నిజాలేగా," అన్నాడు. "మళ్ళీ చెప్పు."

మళ్ళీ చెప్పాను. ఇంకేం చెయ్యను? రెండోసారి ఇంకా బాగా వచ్చింది. చివరికి పాటలో ఆ మనిషి ఎక్కడికి పోతాడని ఆయన అడిగాడు. ఒషావాకి అన్నాను. ఎందుకన్నాడు. కూతురికి కవలలు అన్నాను. కవలలు మొన్న డిసెంబరులో పుట్టారని ఆయనకి తెలుసు, వాళ్ళకి రెండు ఉన్ని టోపీలు కూడా ఇచ్చాడు. ఆయన ఒక తీగ మీటి, పాటకి కవలలు బాగున్నారు, జూన్‌లో పోతాడని పెట్టు, జూన్ పాడటానికి వీలుగా ఉంటుంది అన్నాడు. నేను సరేనన్నాను. ఇంటికొచ్చేదాకా కార్లో నన్ను నేను తిట్టుకున్నాను.

మరుసటి వారం ఇంట్లో అద్దం ముందు వాక్యం తయారుచేసుకొని వెళ్ళాను. మేము ఇల్లు అమ్మేసి నిజంగానే వెళ్ళిపోతున్నాం, నాకు చాలా కష్టంగా ఉంది. ఇంతే. తలుపు తోసుకొని లోపలికి వెళ్ళేసరికి ఆయన నిలబడే ఉన్నాడు. అది ఎప్పుడూ లేదు. కూర్చో అని, నేను కోటు విప్పకముందే పాట ఎత్తుకున్నాడు. నేను రాసి పంపిన చరణాలకి వారంలో బాణీ కట్టేశాడు. నేను ఈ ఇరవై నాలుగేళ్ళలో రాసిన పాటలన్నిటిలోకీ అదే మంచి పాట. ఏజెంట్ ఇంగువ వాసన చూసే చోట ఆయన ఒక క్షణం ఆగి, గాలి పీల్చి, అదే మొహంతో ముందుకి పోయాడు. నేను నవ్వాపుకోలేకపోయాను. మూడో చరణం ఒక్కటే కాస్త వదులుగా ఉంది. దాన్ని ఎలా బిగించాలో నాకు అక్కడికక్కడే తట్టింది.

ఇక్కడ నా తప్పు ఒప్పుకోవాలి. నా వాక్యం నోట్లోనే ఉంది. ఆయన ఎదురుగా ఉన్నాడు. నేను మూడో చరణం సరిచేశాను. గంటన్నర కూర్చొని, కుకీలు మాడిపోయే ముక్క చేర్చి, ఇంటికి వచ్చేశాను. చెప్పారా అని మా ఆవిడ అడిగింది. చెప్పాను అన్నాను. అది అబద్ధం కాదు. చెప్పాను, మూడు చరణాలు చెప్పాను.

ఏప్రిల్లో ఇల్లు అమ్ముడుపోయింది. ఆ శనివారం ఆయన ట్రాక్టరు సామాను ఏదో కొనడానికి ఊళ్ళోకి వచ్చి, చెప్పాపెట్టకుండా మా ఇంటికి వచ్చాడు. నేను ముందు గది కిటికీలోంచి చూస్తున్నాను. మంచు సగం కరిగిన లాన్‌లో బోర్డు ఉంది, దాని మీద అమ్ముడైందని అడ్డంగా అంటించిన కాగితం ఉంది. ఆయన ట్రక్కు దిగి బోర్డు ముందు నిలబడ్డాడు. మొత్తం చదివాడు. బోర్డు వెనక్కి వెళ్ళి, అవతలివైపు కూడా చదివాడు. రెండు వైపులా ఒకటే రాసి ఉంటుంది.

తలుపు తీసింది మా ఆవిడ. పాపం ఆవిడకేం తెలుసు. లోపలికి రమ్మని, కాఫీ ఇచ్చి, మిమ్మల్ని వదిలిపెట్టి వెళ్ళడమే మాకు బాధగా ఉంది, వేసవిలో తప్పకుండా ఒషావా రావాలి అని ఇంగ్లీషులో చాలా మర్యాదగా చెప్పింది. ఆయన వింటూ నా వైపు చూశాడు. ఆ చూపు నాకు కొత్త. ఆయన మొహం మాత్రం ఎప్పటిలాగే ఉంది.

"ఎప్పుడు?" అని అడిగాడు.

మే నెలాఖరుకి అన్నాను.

"పాటలో జూన్ అని ఉంది," అన్నాడు. "సరిచెయ్యి."

కాఫీ కప్పు సింకులో పెట్టి, ఆవిడకి థాంక్స్ చెప్పి, టోపీ పెట్టుకొని వెళ్ళిపోయాడు. మా ఆవిడకి అప్పుడు అర్థమైంది. ఆ రోజు ఆవిడ నాతో అన్న మాటలు ఇక్కడ రాయను. అన్నీ న్యాయమైనవే. ఆఖర్న మాత్రం, "పాతికేళ్ళ స్నేహితుడికి ఒక్క మాట చెప్పలేకపోయారు, పాటలెందుకండీ మీకు?" అంది.

ఆ మంగళవారం వెళితే తలుపుకి కాగితం అంటించి ఉంది. విత్తనాలు చల్లడానికి వెళ్ళాను, అని. పొలం ఇంకా మంచు కిందే ఉంది. ఆయన ట్రక్కు షెడ్డు వెనక కనిపిస్తూనే ఉంది. ఆ పై మంగళవారం కూడా అదే కాగితం. అప్పుడూ మంచే. నేను రెండుసార్లూ కార్లో పావుగంట కూర్చొని వచ్చేశాను. ఫోన్ చేస్తే తియ్యలేదు. మెసేజ్ పెట్టడానికి కూర్చుంటే నాలుగు ముక్కలు రాయగానే అది చరణంలా తయారయ్యేది. చెరిపేసేవాణ్ణి. మా ఆవిడ పెట్టెలు సర్దుతూ, పోనీ నన్ను వెళ్ళి మాట్లాడమంటారా అంది. వద్దన్నాను. ఈ మనిషి నాతో మాట్లాడకుండానే నేను ఊరు దాటిపోతానేమోనని నాకు భయం పట్టుకుంది. నిద్ర సరిగా పట్టేది కాదు.

మే రెండో వారంలో మూడోసారి వెళ్ళాను. మంచు కరిగింది, పొలం నల్లగా తడిగా ఉంది, నిజంగా విత్తనాలు చల్లే రోజులు వచ్చాయి. కాగితం లేదు. తలుపు తెరిచి ఉంది. ఆయన ఎప్పటి చోటే కూర్చున్నాడు. గిటారు ఒళ్ళో లేదు, గోడకి ఆనించి ఉంది. బల్ల మీద విత్తనాల కంపెనీ వాళ్ళ కాగితం ఒకటి, వెనక వైపు పెన్సిల్‌తో ఏదో రాసి ఉంది. నేను క్షమాపణ మొదలుపెట్టబోతే చెయ్యెత్తి ఆపాడు. కూర్చోమన్నాడు.

"ఈసారి నేను సణుగుతాను," అన్నాడు. "నువ్వు విను."

కాగితం తీసి చదివాడు. కళ్ళజోడు పెట్టుకొని, పాడకుండా, మాటలుగానే చదివాడు. ఇల్లు అమ్మే పాటకి నాలుగో చరణమట. దాని భావం ఇది. మంగళవారం కాఫీ ఇద్దరికి సరిపడా పెట్టాను, ఒకరికి ఎంత పెట్టాలో నాకు తెలియదు. నా గురించి నేనెప్పుడూ పాడుకోలేదు, వాడికి జరిగినవే పాడాను. ఇప్పుడు నాకు ఒకటి జరిగింది. రాయడానికి వాడు ఉండడు.

చదివి, కాగితం నా వైపు తోశాడు. తప్పులుంటే దిద్దమన్నాడు. తప్పులు వెతకడం నా వృత్తి. మూడో పాదం పొడుగు ఎక్కువైంది. ఎక్కడా ప్రాస లేదు. నవ్వు కూడా లేదు. నేను కాగితం చాలాసేపు పట్టుకొని కూర్చున్నాను, చదువుతున్నట్టు. అక్షరాలు కనిపించడం మానేశాయి. చివరికి ఏమీ మార్చక్కర్లేదన్నాను.

"నవ్వు ఎక్కడ పెట్టాలో నాకు తెలియలేదు," అన్నాడు.

పెట్టవద్దన్నాను. ఆయన తల ఊపి, అయితే ఆ చరణం నువ్వే పాడాలి, నేను మూడుసార్లు ప్రయత్నించాను, నావల్ల కాలేదు అన్నాడు. నాకు పాడటం రాదని ఆయనకి తెలుసు. చీరాలలో మా ఇంట్లో నేను కూనిరాగం తీస్తే పాలు విరుగుతాయని మా అమ్మ వంటింట్లోంచి పంపేసేది. ఈ మాటే చెప్పాను. ప్రాసే లేనిదానికి గొంతు ఎందుకన్నాడు. నేను అప్పుడు చెప్పాల్సింది చెప్పాను. పాటలో పెట్టకుండా చెప్పాను. నీకు చెప్పే ధైర్యం లేకపోయింది, తప్పు నాదే అన్నాను. ఆయన కాఫీ పోశాడు.

ఆఖరి ఆదివారం హాలు నిండింది. మేము వెళ్ళిపోతున్నామని అక్కడ ఎవరికీ తెలియదు. ఆయన చెప్పలేదు, నేనూ చెప్పలేదు. మా ఆవిడ రెండో వరసలో కూర్చుంది. చివరి పాటగా దాన్ని ఎత్తుకున్నాడు. ఏజెంట్, ఫొటోలు, ఇంగువ. ఇంగువ ఏమిటో తెలియనివాళ్ళు కూడా ఆయన గాలి పీల్చిన తీరుకి పగలబడి నవ్వారు. మూడో చరణంలో కుకీలు మాడాయి. అప్పుడాయన మైకు ముందు నుంచి పక్కకి జరిగి, నా వైపు చూశాడు. నేను మెట్లెక్కి వెళ్ళాను. ఇన్నేళ్ళలో ఆ స్టేజి నేను ఎక్కడం అదే మొదలు.

నేను నోరు తెరవగానే హాలు నవ్వింది. వాళ్ళ తప్పేమీ లేదు. ఇరవై నాలుగేళ్ళుగా పాటల్లో వింటున్న మనిషిని ఎదురుగా చూశారు, పైగా ఆ గొంతు. కాఫీ ఇద్దరికి సరిపడా పెట్టడం దగ్గర నవ్వారు. ఒకరికి ఎంత పెట్టాలో తెలియదన్న చోట ఇంకా నవ్వారు. ముందు వరసలో ఒక ముసలాయన కళ్ళు తుడుచుకుంటున్నాడు. గిటారు ఆగిపోయింది. నేనూ ఆగాను.

ఆయన మైకు దగ్గరికి వచ్చి, ఇది హాస్యం కాదు అన్నాడు. హాలు విరగబడి నవ్వింది. ఇతను నిజంగానే వెళ్ళిపోతున్నాడు, ఇల్లు అమ్మేశాడు అన్నాడు. ఎవరో బల్ల చరిచారు. ఆయన మొహం ఎప్పుడూ ఉండే మొహమే. ఆ మొహంతో ఏం చెప్పినా వాళ్ళు ఇన్నాళ్ళూ నవ్వుతూనే వచ్చారు, ఇప్పుడు మాత్రం ఎందుకు నమ్ముతారు? ఆయన గిటారు పట్టుకొని వాళ్ళ వైపే చూస్తూ నిలబడ్డాడు. మా ఆవిడ ఒక్కత్తే నవ్వడం లేదు, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకొని కూర్చుంది.

అప్పుడాయన మైకుని అరచేత్తో మూసి, నా వైపు తిరిగాడు.

"నువ్వు నాకు చెప్పిన రోజు నీకూ ఇలాగే ఉండి ఉంటుంది," అన్నాడు.

ఇలాగే ఉంది అన్నాను.

హాలు ఇంకా నవ్వుతూనే ఉంది. ఆయన మైకు మీంచి చెయ్యి తీసి, ఆ చరణాన్ని మళ్ళీ మొదటి పాదం నుంచి వాయించడం మొదలుపెట్టాడు. ఈసారి నాతోపాటు ఆయన కూడా పాడాడు.